పాత జపాన్ కారు, నాలుగు కాగితాలు: ఏది దేనికి సాక్ష్యం?

ఆక్లాండ్‌లో దిగిన నెలలోపే కారు సంగతి ముందుకొస్తుంది. ఉద్యోగం ఊరికి ఒక చివర, పిల్లల బడి ఇంకో చివర, మధ్యలో బస్సు ఎప్పుడొస్తుందో దానిష్టం. తెలిసినవాళ్లంతా ఒకటే మాట చెబుతారు: "జపాన్ బండి తీసుకో, కళ్లు మూసుకుని తిప్పుకోవచ్చు." అమ్మేవాడు ఇంకో మూడు మాటలు కలుపుతాడు. ఆక్షన్‌లో గ్రేడ్ ఫోర్ వచ్చింది, వాఫ్ (ఇక్కడి తప్పనిసరి వాహన తనిఖీ) కొత్తగా చేయించాం, కిలోమీటర్లు జెన్యూన్.

ఈ మూడూ నిజమే కావచ్చు. అయినా ఆర్నెల్లకే ఆ బండి గేర్‌బాక్సు పోవచ్చు. అమ్మినవాడు అబద్ధమేమీ ఆడలేదు. ఆ మూడు మాటల్లో గేర్‌బాక్సు గురించి చెప్పింది ఒక్కటీ లేదు, అంతే.

జపాన్ నుంచి న్యూజీలాండ్ వచ్చిన పాత కారుకు ముఖ్యంగా నాలుగు రకాల కాగితాలుంటాయి. జపాన్ వేలం షీటు, ఇక్కడి రిజిస్టర్‌లోని చరిత్ర, వాఫ్, అప్పుల రిజిస్టర్. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును ఇంకో ప్రశ్నకు అన్వయించుకున్నప్పుడే చిక్కు మొదలవుతుంది.

## అక్కడ వద్దనుకున్న బండి ఇక్కడ బేరమెలా అయింది

హైదరాబాద్‌కు ఫోన్ చేసి "పదమూడేళ్ల జపాన్ కారు కొంటున్నా" అంటే అవతల కాసేపు మాట వినిపించదు. ఇండియాలో విదేశీ పాత కారు దిగుమతి చేసుకోవాలంటే అది మూడేళ్లకు మించి పాతదై ఉండకూడదు, పైగా భారీ సుంకం. కాబట్టి మనవాళ్లకు ఇది కొత్త లోకం.

న్యూజీలాండ్‌లో మాత్రం ఇదే మామూలు. ఒకప్పుడు ఇక్కడా కార్ల అసెంబ్లీ ఫ్యాక్టరీలుండేవి. 1980ల చివర్లో దిగుమతుల ఆంక్షలు సడలించారు. 1998లో కార్ల మీద సుంకం ఎత్తేశారు. టయోటా, హోండా, మిత్సుబిషి ఇక్కడి ప్లాంట్లు అదే ఏడాది మూసేశాయి. జపాన్‌లోనూ బళ్లు రోడ్డుకు ఎడమ పక్కనే నడుస్తాయి, స్టీరింగు కుడి పక్కనే ఉంటుంది. ఆ కారు ఓడ దిగితే ఇక్కడి రోడ్డుకు సరిగ్గా సరిపోతుంది.

మరి జపాన్ వాళ్లు బాగా నడిచే బండిని ఎందుకు వదులుకుంటారు? ఇక్కడే "షాకెన్" అనే మాట వస్తుంది. అది వాళ్ల తప్పనిసరి వాహన తనిఖీ. కొత్త కారుకు మొదటిది మూడేళ్లకు, తర్వాత ప్రతి రెండేళ్లకూ ఒకసారి. తనిఖీ ఫీజు ఒక్కటే అయితే సమస్య లేదు. బండి బరువును బట్టి పన్ను, తప్పనిసరి బీమా, దొరికిన రిపేర్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి. పెట్రోలు కారుకు 13 ఏళ్లు దాటితే పన్ను ఇంకా పెరుగుతుంది. దాంతో షాకెన్ గడువు దగ్గర పడుతుంటే చాలామంది బండి వదిలించుకుని కొత్తది తీసుకుంటారు. అలా వదిలిన బళ్లు వేలానికి వెళ్తాయి.

దీన్నుంచి రెండు వాదాలు పుట్టాయి. "షాకెన్ అంత గట్టిది కాబట్టి జపాన్ బళ్లన్నీ బాగా చూసుకున్నవే" అన్నది ఒకటి. "ఖర్చు పెట్టాల్సి వచ్చే సమయానికే అమ్మేస్తారు, ఆ ఖర్చు మన నెత్తిన పడుతుంది" అన్నది రెండోది. రెండింట్లోనూ నిజముంది. షాకెన్‌లో బ్రేకులు, లైట్లు, పొగ, స్టీరింగు చూస్తారు. ఇంజన్ ఆయిల్ ఎన్నిసార్లు మార్చారన్నది వాళ్లు పట్టించుకునే విషయం కాదు. టైమింగ్ బెల్టు మార్చడానికి అక్కడ సాధారణంగా చెప్పే గడువు లక్ష కిలోమీటర్లు. 90 వేల దగ్గర వేలానికొచ్చిన బెల్టు ఇంజన్ బండిని చూస్తే నాకు మొదట వచ్చే అనుమానం అదే.

## ఒకే బండికి మూడు పుట్టినరోజులు

"2012 మోడల్" అంటే ఏమిటి? ఫ్యాక్టరీలో తయారైన సంవత్సరమా, జపాన్‌లో మొదటిసారి రిజిస్టరైన సంవత్సరమా, న్యూజీలాండ్‌లో రిజిస్టరైన సంవత్సరమా? మూడూ వేరువేరుగా ఉండొచ్చు. ప్రకటనలో కనిపించేది సాధారణంగా మొదటి రెండింట్లో ఒకటి. మూడోది కూడా తెలిస్తేనే బండి ఏ దేశంలో ఎన్నేళ్లు తిరిగిందో తెలుస్తుంది.

జపాన్ కాగితాల్లో సంవత్సరం మన లెక్కలో ఉండదు. మనకు ప్రభవ, విభవ అంటూ అరవై పేర్లు తిరిగి తిరిగి వచ్చినట్టు, వాళ్లకు చక్రవర్తి మారినప్పుడల్లా శకం మారి లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. హెయ్‌సెయ్ శకానికి మొదటి ఏడు 1989. అందుకే హెయ్‌సెయ్ అంకెకు 1988 కలిపితే మన సంవత్సరం వస్తుంది. షీటు మీద "హెచ్ 24" అని ఉంటే 24 + 1988 = 2012. 2019 మేలో రెయ్‌వా శకం మొదలైంది, దానికి 2018 కలపాలి. "ఆర్ 2" అంటే 2020.

ఈ లెక్కకు అసలు ఉపయోగం ఒకటుంది. భద్రతా నియమాలు బండి తయారైన తేదీకన్నా ఇక్కడ దిగిన తేదీని పట్టుకుని ఉంటాయి. బండి జారకుండా చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసే ఈఎస్‌సీ అనే వ్యవస్థ న్యూజీలాండ్‌కు వచ్చే పాత కార్లకు దశలవారీగా తప్పనిసరి అయింది. ఎస్‌యూవీల తరహా బళ్లకు 2016 మార్చి నుంచి, రెండు లీటర్లకు పైబడిన కార్లకు 2018 మార్చి నుంచి, చిన్న కార్లకు 2020 మార్చి నుంచి. అంటే ఒకే ఏడాది తయారైన రెండు చిన్న కార్లలో 2017లో దిగినదానికి ఈఎస్‌సీ లేకపోవచ్చు, 2021లో దిగినదానికి ఉండి తీరాలి. ప్రకటనలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇంకో చిన్న గుర్తు. జపాన్‌లో కారుకు విన్ అనే 17 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండదు, ఛాసిస్ నంబరు ఉంటుంది. టయోటా ఆక్వా అయితే అది ఎన్‌హెచ్‌పీ10తో మొదలవుతుంది. ఇక్కడికొచ్చిన పాత బండికి 7ఏటీతో మొదలయ్యే కొత్త విన్ ఇస్తారు. "ఇది ఎన్‌జెడ్ న్యూ", అంటే కొత్తగా ఉన్నప్పుడే ఇక్కడ అమ్మిన బండి, అని అమ్మేవాడంటూ విన్ 7ఏటీతో మొదలైతే, ఎవరో ఒకరు పొరబడ్డారన్నమాట.

## వేలం షీటు: ఆ రోజు, ఆ పది నిమిషాలు

జపాన్‌లో యూఎస్‌ఎస్ వంటి వేలం సంస్థలు ప్రతి బండినీ తమ ఇన్‌స్పెక్టర్‌తో చూపించి ఒక పేజీ షీటు తయారుచేస్తాయి. దాని మీద మొత్తం గ్రేడు, లోపలి భాగానికి ఏ, బీ, సీ, డీ అని ఇంకో గ్రేడు, కిలోమీటర్లు, కారు బొమ్మ ఉంటాయి. ఆ బొమ్మ మీద దెబ్బలన్నీ గుర్తులేసి ఉంటాయి.

గుర్తులు నేర్చుకోవడం కష్టమేమీ కాదు. ఏ అంటే గీత. యూ అంటే సొట్ట. డబ్ల్యూ అంటే డెంటింగ్, పెయింటింగ్ చేసిన ఆనవాలు. ఎస్ అంటే తుప్పు. సీ అంటే తుప్పు తినేసిన చోటు. ఎక్స్ అంటే మార్చాల్సిన ప్యానెల్, ఎక్స్ రెండుసార్లుంటే ఇప్పటికే మార్చేసింది. పక్కన అంకె దెబ్బ ఎంతటిదో చెబుతుంది. ఏ1 గోరు గీతలాంటిది, యూ3 దూరం నుంచే కనిపించే సొట్ట.

ఉదాహరణకు ఒక షీటు మీద గ్రేడ్ 3.5, లోపల బీ, ముందు బంపర్ మీద ఏ2, ఎడమ వెనక తలుపు మీద డబ్ల్యూ2, కింది భాగం దగ్గర ఎస్ ఉన్నాయనుకుందాం. చాలామంది చూపు 3.5 మీద, తలుపు మీద ఆగుతుంది. నా చూపు ఆ ఒంటరి ఎస్ మీద ఆగుతుంది. తలుపు మీద పుట్టీ అందానికి సంబంధించినది. కింద తుప్పు అంటే ఆ బండి హొక్కైడో లాంటి మంచు ప్రాంతంలో, ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగి ఉండొచ్చు. ఇక్కడ ఊళ్లు చాలావరకు సముద్రం పక్కనే ఉంటాయి కాబట్టి మొదలైన తుప్పు ఆగదు. బండి అస్థిపంజరంలో తుప్పు పట్టిందని తేలితే వాఫ్ ఇవ్వరు, దాన్ని కోసి వెల్డింగ్ చేయించడం పాత కారు విలువకు మించిన ఖర్చవుతుంది.

గ్రేడు అంకె ఎక్కువగా ఒంటి గురించీ లోపలి శుభ్రత గురించీ మాట్లాడుతుంది. ఇన్‌స్పెక్టర్ ఇంజన్ స్టార్ట్ చేస్తాడు, శబ్దం వింటాడు, కానీ హైవే మీద నడిపి చూడడు. 4.5 గ్రేడు బండికి గేర్‌బాక్సు బాగుంటుందని ఆ షీటు ఎక్కడా చెప్పదు. పైగా ఆ షీటు బండి జపాన్ వదిలిన నాటిది. 2018లో వేలమైన కారుకు ఇప్పుడు ఆ గ్రేడు చూపించడం, పెళ్లిసంబంధానికి పదో తరగతి ఫోటో పంపినట్టు ఉంటుంది.

### "ఆర్" గ్రేడు మీద వాదన

కొన్ని షీట్ల మీద అంకెకు బదులు ఆర్ లేదా ఆర్‌ఏ ఉంటుంది. జపనీస్‌లో "షూఫుకురెకి", అంటే రిపేరు చరిత్ర. అక్కడ దీనికి కచ్చితమైన అర్థముంది. బండి అస్థిపంజరం, అంటే ఛాసిస్ ఫ్రేము, పిల్లర్లు, రూఫ్, ఫ్లోర్ వంటి భాగాల్లో ఏదో దెబ్బతిని సరిచేశారని. తలుపులు, బంపర్లు, ఫెండర్లు, బానెట్ ఆ లెక్కలోకి రావు.

అందువల్ల రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. ఆర్ లేకపోతే యాక్సిడెంటే కాలేదనుకుంటారు. నిజానికి నాలుగు తలుపులూ మార్చినా ఆర్ రాకపోవచ్చు. ఆర్ ఉంటే బండి తునాతునకలైందనుకుంటారు. ముందు రేడియేటర్‌ను పట్టుకునే సపోర్టు ఒకటి వంగి, మార్చినా ఆర్ పడొచ్చు.

కొనొచ్చా అంటే వ్యాపారంలో ఉన్నవాళ్లే రెండుగా చీలిపోతారు. కొనొచ్చనేవాళ్లు, బాగా చేసిన రిపేరైతే ధర తగ్గి మంచి బండి దొరుకుతుందంటారు. వద్దనేవాళ్లు, తిరిగి అమ్మేటప్పుడు కొనేవాడు అదే ఆర్ చూసి ఇంకా తగ్గించి అడుగుతాడంటారు, రిపేరు ఎంత బాగా చేశారో బయటి నుంచి కనిపించదనీ అంటారు. నాకు రెండో వాదం బలంగా అనిపిస్తుంది. అయితే ఆర్ అని ముందే చెప్పి అమ్మేవాడు, షీటే చూపించనివాడికన్నా నయం.

ఇక్కడి ప్రభుత్వ రిజిస్టర్ దారి వేరు. ఓడ దిగేటప్పుడు జరిగే తనిఖీలో అస్థిపంజరానికి దెబ్బ, నీటిలో మునిగిన ఆనవాళ్లు కనిపిస్తే "డ్యామేజ్‌తో దిగుమతి" అన్న ముద్ర పడుతుంది. డీలరు కారు కిటికీకి తగిలించాల్సిన సమాచార కార్డు మీద కూడా అది ఉండాలి. జపాన్‌లో ఆర్ వచ్చినా ఇక్కడ ఆ ముద్ర పడకపోవచ్చు. రెండు దేశాలు రెండు ప్రశ్నలు అడిగాయి కాబట్టి రెండు జవాబులొచ్చాయి.

## కిలోమీటర్లు: ఒక అంకె కాదు, ఒక వరస

మీటరు వెనక్కి తిప్పడం గురించి అందరికీ భయమే. కానీ డ్యాష్‌బోర్డు మీది అంకెను ఎంతసేపు చూసినా ఏమీ తేలదు. దాని వెనక తేదీల వరస కావాలి. ఇక్కడ వాఫ్ చేసిన ప్రతిసారీ మీటరు రీడింగు నమోదవుతుంది. కార్‌జామ్ వంటి సైట్లలో నంబరు ప్లేటు కొడితే, కొద్ది డాలర్ల రిపోర్టులో ఆ వరస దొరుకుతుంది.

ఊహించుకున్న రెండు ఆక్వాలు చూద్దాం. రెండూ 2012 మార్చిలో జపాన్‌లో రిజిస్టరైనవే.

మొదటిది 2018 నవంబరులో వేలమైంది, షీటు మీద 78,400 కి.మీ. 2019 ఫిబ్రవరిలో ఇక్కడి మొదటి రీడింగు 78,500. తర్వాత వాఫ్‌లలో వరసగా 90,900, 97,600, 1,07,000, 1,20,500. జపాన్‌లో ఏడాదికి సుమారు 11,700 చొప్పున తిరిగింది, ఇక్కడా దాదాపు అదే నడక. మధ్యలో రెండేళ్లు తగ్గింది, అవి ఆక్లాండ్ లాక్‌డౌన్ల రోజులు. ఈ బండి కథ అతుకుతుంది.

రెండోదానికి ఇక్కడి మొదటి రీడింగు 81,000. ఆ తర్వాత వరస చక్కగా పెరుగుతూ పోయింది. రిపోర్టు చూస్తే ఏ తేడా లేదు. కానీ ఛాసిస్ నంబరుతో వేలం షీటు తెప్పిస్తే అందులో 1,31,000 ఉంది. మోసం రిపోర్టు మొదలవ్వకముందే జరిగిపోయింది. న్యూజీలాండ్ రికార్డు ఎంత నిజాయితీగా ఉన్నా అది తన ఒడ్డున మొదలైన కథనే చెప్పగలదు. ముందు కథకు వేలం షీటు కావాలి. అదీ అమ్మేవాడు ఫోన్‌లో చూపించే ఫోటో కాదు, ఛాసిస్ నంబరు సరిపోలే షీటు.

జపాన్ బండికి సర్వీసు పుస్తకం రావడం అరుదు. దానికి బదులు కొన్ని ఆనవాళ్లుంటాయి. డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే అంచు మీద పాత ఆయిల్ మార్పు స్టిక్కరు, బానెట్ కింద టైమింగ్ బెల్టు మార్చిన స్టిక్కరు. తేదీ, కిలోమీటర్లు రెండూ ఉంటాయి. వాటిని ఎవరూ తిప్పరు, ఎందుకంటే ఎవరూ చదవరు.

తక్కువ కిలోమీటర్లంటే ఎప్పుడూ మంచిదేనా? 13 ఏళ్లలో 48,000 తిరిగిన కారంటే రోజుకు పది కిలోమీటర్లు. ఇంటి నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి ఇంటికి. ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తారు, ఆయిల్‌లో తేమ నిలుస్తుంది, రబ్బరు గొట్టాలు వయసుతో గట్టిపడతాయి. దూరాలు తిరుగుతూ వేళకు ఆయిల్ మార్చిన లక్షన్నర కిలోమీటర్ల బండి ఇంతకన్నా ఆరోగ్యంగా ఉన్న సందర్భాలు మెకానిక్‌లందరూ చెబుతారు. అయినా మార్కెట్ తక్కువ అంకెకే ఎక్కువ ధర కడుతుంది.

## వాఫ్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్టే, ఆరోగ్య పరీక్ష కాదు

వాఫ్ అంటే వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్. టైర్లు, బ్రేకులు, లైట్లు, సీటు బెల్టులు, అద్దాలు, స్టీరింగు, సస్పెన్షన్, ఒంటి తుప్పు చూస్తారు. ఇంజన్ లోపల, గేర్‌బాక్సు, క్లచ్, ఏసీ, హైబ్రిడ్ బ్యాటరీ చూడరు. బండి రోడ్డు మీద పక్కవాళ్లకు ప్రమాదం కాదని చెప్పడమే దాని పని. అమ్మే కారుకు వాఫ్ చేయించి నెల దాటకూడదన్నది చట్టం. కొనేవాడు "ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నా" అని రాసిస్తే మాత్రం మినహాయింపు. తక్కువ ధర ప్రకటనల్లో ఆ మాట కనిపించేది అందుకే.

వాఫ్ చూడనిదాన్ని చూసేది కొనేముందు చేయించుకునే తనిఖీ. ఏఏ, వీటీఎన్‌జెడ్ వంటి ఇక్కడి తనిఖీ సంస్థలు, మెకానిక్‌లు డబ్బు తీసుకుని చేస్తారు. మనమే చూడగలిగేవీ ఉన్నాయి. చల్లగా ఉన్న ఇంజన్‌ను మొదటిసారి తిప్పినప్పుడు వచ్చే శబ్దం చాలా చెబుతుంది. మనం వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే, ఆ మొదటి శబ్దం మనం వినకూడదని ఎవరైనా అనుకున్నారేమోనని అనుమానించాల్సిందే. నీలం పొగంటే ఆయిల్ కాలుతోంది. రేడియేటర్‌లో కూలెంట్ తుప్పు నీళ్లలా ఉంటే చాలాకాలంగా ఎవరూ పట్టించుకోలేదు.

మోడల్‌ను బట్టి రోగం మారుతుంది. విట్జ్, కరోలాల్లో వచ్చిన 1.5 లీటర్ల 1ఎన్‌జెడ్ ఇంజన్‌కు టైమింగ్ చైనే, బెల్టు మార్చే గొడవ లేదు. సుబారు పాత ఈజే ఇంజన్లకు బెల్టు. అది తెగితే వాల్వులు వంగి ఇంజన్ పోతుంది. మొదటి తరం హోండా ఫిట్‌లో సీవీటీ (ఒక రకం ఆటోమేటిక్) గేర్‌బాక్సు నిలబడి కదిలేటప్పుడు వణకడం బాగా తెలిసిన ఫిర్యాదు. టెస్ట్ డ్రైవ్‌లో హైవే కన్నా, ఎత్తు మీద ఆపి మెల్లగా కదిలించడమే దాన్ని బయటపెడుతుంది.

వరదల సంగతీ మరవకూడదు. 2023 జనవరి చివర్లో ఆక్లాండ్ మునిగింది, ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుఫాను వచ్చింది. నీళ్లలో నానిన కార్లకు లోపల కడిగి సెంటు కొట్టొచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగితే మాత్రం బురద గీత కనిపిస్తుంది. స్టెప్నీ గుంటలో ఒండ్రు, సీటు పట్టాల మీద తుప్పు అంత సులువుగా పోవు.

ఇక టకాటా ఎయిర్‌బ్యాగులు. వాటిలోని అమోనియం నైట్రేట్ వేడికీ తేమకూ పాడై, ఎయిర్‌బ్యాగు విచ్చుకునేటప్పుడు లోహపు ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది. న్యూజీలాండ్ ప్రభుత్వం 2018లో కొన్ని రకాలకు తప్పనిసరి రీకాల్ ప్రకటించింది. బండి నంబరుతో ఉచితంగా చూసుకోవచ్చు కాబట్టి దీని మీద వాదనేమీ లేదు.

## హైబ్రిడ్, లీఫ్: బ్యాటరీ లెక్క

ఆక్వా వెనక సీటు కింద 20 మాడ్యూళ్లుంటాయి, ఒక్కోటి 7.2 వోల్టులు, మొత్తం 144. రెండు, మూడు తరాల ప్రియస్‌లో 28, మొత్తం 201.6. ఇవి వరసగా కట్టి ఉంటాయి కాబట్టి ఒక్కటి బలహీనపడితే మొత్తం కుంటుతుంది. వెనక సీటు పక్కన బ్యాటరీకి గాలి లాగే జాలీ ఉంటుంది. కుక్క వెంట్రుకలతో, దుమ్ముతో అది మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కి త్వరగా చస్తుంది. బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ పరికరం తగిలించి ఫోన్ యాప్‌లో చూస్తే ఏ మాడ్యూళ్ల వోల్టేజి మిగతావాటితో కలవడం లేదో తెలుస్తుంది.

పాడైన ఒక్క మాడ్యూల్ మారిస్తే చాలా, ప్యాకంతా మార్చాలా? ఒక్కటి మార్చడం చాలా చవక, బండి వెంటనే నడుస్తుంది. వ్యతిరేకించేవాళ్లు, ముసలి ఎద్దుల గుంపులో ఒక కోడెను కట్టినట్టేనని, కొద్ది నెలల్లో ఇంకోటి కూలబడుతుందని అంటారు. ఏడాదిలో అమ్మేసేవాడికి మొదటిది సరిపోతుంది, ఉంచుకునేవాడికి రెండో లెక్కే నిలుస్తుంది. కొనేవాడు అడగాల్సింది "బ్యాటరీ మార్చారా" అని కాదు, "ఎన్ని మార్చారు" అని.

పూర్తి ఎలక్ట్రిక్ కారైన నిస్సాన్ లీఫ్ సంగతి ఇంకా సూటి. డ్యాష్‌బోర్డు మీద 12 గీతలుంటాయి. మొదటి గీత పోయేసరికి సామర్థ్యం సుమారు 15 శాతం తగ్గినట్టు, తర్వాత ఒక్కో గీతకు ఆరు శాతం పైచిలుకు. తొమ్మిది గీతలున్న 24 కిలోవాట్ అవర్ల లీఫ్‌లో మిగిలింది 70 శాతం చుట్టూ, అంటే దాదాపు 17. ఒక్క చార్జితో వంద కిలోమీటర్ల చుట్టూ తిరగొచ్చు, హైవేలో ఇంకా తక్కువ. ఊళ్లో ఆఫీసుకు వెళ్లొచ్చేవాడికి అది చాలు. అయితే ఈ గీతలను రీసెట్ చేసి కొంతకాలం నిండుగా చూపించే మోసం కూడా ఉంది. గీతలు, లీఫ్‌స్పై యాప్ చూపించే ఆరోగ్య శాతం, అసలు నడిచిన దూరం మూడూ పొంతన కుదరాలి.

## బండి వెంట వచ్చే అప్పులు

ఇండియాలో ఆర్‌సీ బుక్కు మీద ఫైనాన్సు పేరు కనిపిస్తుంది. అది చూసి అలవాటైన మనవాళ్లు ఇక్కడా రిజిస్ట్రేషన్ కాగితం చూసి తృప్తిపడతారు. న్యూజీలాండ్ రిజిస్టర్‌లో పేరుండటం బండి చట్టప్రకారం ఆయనదేనని రుజువు కాదు. అప్పు కూడా అందులో కనిపించదు. దానికి పీపీఎస్‌ఆర్ అనే వేరే రిజిస్టర్ ఉంది. ప్రైవేటు మనిషి దగ్గర కొన్న బండి మీద అప్పుంటే, అప్పిచ్చిన కంపెనీ మన ఇంటి ముందునుంచే దాన్ని తీసుకుపోగలదు. ఆ రిజిస్టర్‌లో వెతకడానికి అయ్యే ఖర్చు ఒక కాఫీ ధర కన్నా తక్కువ.

ఇంకోటి ఆర్‌యూసీ, రోడ్డు వాడకం చార్జీ. డీజిల్ బళ్లు ముందునుంచే కడుతున్నాయి. 2024 ఏప్రిల్ నుంచి లీఫ్ వంటి ఎలక్ట్రిక్ కార్లూ కడుతున్నాయి. అప్పటి రేటు వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్లు. ఎంత దూరానికి ముందే కట్టారో చూపే అద్దం మీది లేబుల్ 1,39,000 వరకే ఉండి మీటరు 1,42,300 చూపిస్తే 3,300 కిలోమీటర్లు బాకీ. వెయ్యి చొప్పునే కొనాలి కాబట్టి నాలుగు యూనిట్లు, 304 డాలర్లు. బేరమాడేటప్పుడు ఇది ఎవరూ గుర్తు చేయరు.

## డీలరా, ప్రైవేటా

డీలరు దగ్గర కొంటే 1993 నాటి కన్జ్యూమర్ గ్యారంటీస్ చట్టం వర్తిస్తుంది. ధరకు, వయసుకు తగిన నాణ్యత ఉండాలి. లేకపోతే మోటార్ వెహికల్ డిస్ప్యూట్స్ ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. ప్రైవేటు అమ్మకంలో ఆ చట్టం రాదు. అమ్మినవాడు చెప్పిన మాట అబద్ధమని రుజువు చేయగలిగితేనే దారి. అందుకే ధర తక్కువ.

మధ్యలో ఇంకో రకం ఉంది. ఇంటి ముందు బండి పెట్టి "మా అత్తగారి కారు" అంటాడు, వచ్చే నెల ఇంకో అత్తగారి కారు ఉంటుంది. పన్నెండు నెలల్లో ఆరుకు మించి కార్లు అమ్మేవాడిని చట్టం వ్యాపారిగానే భావిస్తుంది, రిజిస్టర్ చేసుకుని ఉండాలి. మన వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇలాంటివాళ్లు తగులుతారు. తెలుగువాడు, తెలిసినవాడు అని కాగితం అడగడానికి మొహమాటపడతాం. అడిగితే చూపించడానికి అతనికి మొహమాటమెందుకో అర్థం కాదు.

అన్నీ సరిపోయి బండి ఇంటికొచ్చాక, రేడియో పెడితే సగం స్టేషన్లు రావు. జపాన్ ఎఫ్‌ఎం 76 మెగాహెర్ట్జ్‌ దగ్గర మొదలవుతుంది, ఇక్కడ 88 నుంచి 108 దాకా. బ్యాండ్ ఎక్స్‌పాండర్ అనే చిన్న డబ్బా తగిలించాలి. తాళం తిప్పగానే ఒక ఆడగొంతు జపనీస్‌లో మర్యాదగా ఏదో చెబుతుంది. మొదటిసారి విన్నవాళ్లు ఇంజన్‌లో ఏదో లోపమని టెన్షన్ పడతారు. ఆవిడ చెప్పేది టోల్‌గేటు కార్డు పెట్టలేదని. ఆ టోల్‌గేట్లన్నీ జపాన్‌లో ఉన్నాయి. గ్లవ్ బాక్సులోనో స్టీరింగు కిందో ఉండే ఆ డబ్బా వైరు పీకేదాకా, ప్రతి ఉదయమూ ఆవిడ అదే అడుగుతుంది.